మా తాత పిస్టల్ మీది మూడు అక్షరాలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ, లైసెన్సు తుపాకులున్నవారు వాటిని పోలీసు స్టేషన్లలో అప్పగించాలన్న ప్రకటన మీ జిల్లా పేజీలో కనిపిస్తుంది. అలా అప్పగించినవాటిలో ఆత్మరక్షణతోగానీ పంటల కాపలాతోగానీ ఏ సంబంధమూ లేనివి కొన్ని ఉంటాయి. అవి రెండో ప్రపంచ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన మన ప్రాంతపు సైనికులు ట్రంకు పెట్టెలో బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్న గుర్తులు. లైసెన్సుదారు కన్నుమూసి, వారసులు ముందుకు రాకపోతే అవి ప్రభుత్వపరమవుతాయి, ఆ తర్వాత ఒకనాడు తుక్కు కింద కరిగిపోతాయి. వాటిని ఇళ్లలోనే ఉంచాలని నేను కోరడం లేదు. కరిగించేముందు వాటి మీదున్న గుర్తులను ఒక్కటీ వదలకుండా, తప్పు లేకుండా రాసిపెట్టండని మాత్రమే అడుగుతున్నాను. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకో మా ఇంటి సంగతి చెబితేనే బోధపడుతుంది.

మాది టెక్కలి దగ్గర ఒక పల్లె. మా తాత, అంటే మా నాన్నగారి తండ్రి, బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ దళంలో చేరి, 12వ ఫీల్డ్ కంపెనీతో పాటు నాలుగో భారత డివిజన్ వెంట సముద్రం దాటి వెళ్లారు. శాపర్ల పని ముందు వెళ్లి దారి చేయడం: మందుపాతరలు తీయడం, వంతెన వేయడం, కొండ చరియను తొలిచి బండి పట్టేంత బాట వేయడం. ఆయన 1946లో జమేదారుగా ఇంటికి వచ్చారు. వస్తూ ఒక జర్మన్ పిస్టల్ తెచ్చారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950 ఆగస్టు 15న ఏర్పడింది. అందుకే మా తాత లైసెన్సు మొదట విశాఖపట్నం కలెక్టరు కార్యాలయంలో పుట్టింది. 1959 ఆయుధ చట్టం 1962లో అమల్లోకి వచ్చాక, సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల తూటా పట్టే పిస్టళ్లు, ప్రత్యేక అనుమతి లేనిదే సామాన్యులు ఉంచుకోకూడని 'నిషిద్ధ బోరు' కిందికి వెళ్లాయి. కేంద్ర ప్రభుత్వ అనుమతితో ఆ లైసెన్సు కొనసాగి, తాత తర్వాత నాన్న పేరిటికి మారింది. నాన్న ఒక ఎన్నికల ముందు దానిని స్టేషన్‌లో అప్పగించారు. మళ్లీ తెచ్చుకోకుండానే రెండేళ్ల క్రితం పోయారు.

నేను హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయినవాడిని. ఆయుధం నాకు అక్కరలేదు. అయితే మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న కథ ఒకటి ఉంది. అది లూగర్ పిస్టల్ అనీ, 1942లో ఈజిప్టులోని అలమీన్ ఎడారిలో జర్మన్ సేనాని రోమెల్ సైన్యపు అధికారి ఒకరిని పట్టుకున్నప్పుడు తాతకు దక్కిందనీ మా చిన్నాన్నలు చెప్పేవారు. ఇసుక, ట్యాంకులు, చేతులెత్తి నిలబడిన జర్మన్ దొర, ఇవన్నీ ఉన్న ఆ కథంటే పిల్లలందరికీ ప్రాణం. పిస్టల్‌ను వదులుకునేముందు ఒక్కసారి కళ్లారా చూసి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలనిపించింది.

స్టేషన్ అధికారి నా అర్జీని కాదనలేదు. సాయుధ విభాగపు ఉద్యోగి ఒకరు అందులో తూటాలు లేవని సరిచూసి, బల్ల మీద పెట్టారు. దానికి ముందు నేను రిజిస్టరు చూశాను. అందులో 'జర్మన్ రివాల్వర్, బైఫ్ కంపెనీ, నంబరు 44' అని ఉంది. పాత లైసెన్సు పుస్తకంలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. మొదట ఏ గుమాస్తా రాశారో, ఆ తర్వాత వచ్చినవారందరూ దానినే ఎక్కించుకుంటూ వచ్చారు. ఆ ఒక్క వరుసలో మూడు తప్పులున్నాయి. అది రివాల్వర్ కాదు, గుండ్రంగా తిరిగే గదులు దానికి లేవు, ఎనిమిది తూటాల మేగజీన్ పిడిలోకి దిగుతుంది. బైఫ్ అనే కంపెనీ ప్రపంచంలో ఎక్కడా లేదు. 44 అనేది నంబరు కాదు.

నా దగ్గర ఒక భూతద్దం, పలుచటి కాగితం, మెత్తటి పెన్సిలు ఉన్నాయి. కాగితాన్ని గుర్తుల మీద పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం, ఎడమ పక్కన ముందుగా 'పి.38' అని ఉంది. అంటే ఇది లూగర్ కానే కాదు. లూగర్‌కు పైభాగాన మోకాలిలా మడిచి లేచే కీలు ఉంటుంది, జర్మన్ సైన్యం దానిని 1908లో స్వీకరించింది కనుక దాని పేరు పి.08. దాని స్థానంలోకి, తయారీ తేలిక కావాలని వాల్టర్ సంస్థ రూపొందించినదే 1938 నమూనా అయిన పి.38. దాని పక్కన నాలుగంకెల సంఖ్య, సంఖ్యను అంటి ఒక చిన్న రోమన్ అక్షరం, ఆ తర్వాత 'బి, వై, ఎఫ్' అని మూడు చిన్నక్షరాలు, వాటి కింద 44.

ఈ మూడు అక్షరాలు కంపెనీ పేరు కాదు, కంపెనీ పేరును దాచడానికి పెట్టిన సంకేతం. ఏ కర్మాగారంలో ఏది తయారవుతోందో శత్రువుకు తెలియకూడదని జర్మన్ ఆయుధ శాఖ పేర్లు తీసేసి అక్షర సంకేతాలు ఇచ్చింది. పి.38ను మూడు సంస్థలు తయారుచేశాయి. 'ఏసీ' అంటే జెల్లా మెహ్లిస్‌లోని వాల్టర్, 'సీవైక్యూ' అంటే స్ప్రీవెర్క్, 'బీవైఎఫ్' అంటే నెకర్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్‌లో ఉన్న మౌజర్. కింది రెండంకెలు తయారైన సంవత్సరం. అందరికంటే స్పష్టంగా కనిపించింది 44 కనుక అదే నంబరనుకుని మన గుమాస్తా రాసుకున్నారు. అసలు నంబరును ఎవరూ రాయలేదు. పదివేలు పూర్తికాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి పక్కన కొత్త అక్షరం చేర్చడం అక్కడి పద్ధతి. అంటే ఆ చిన్నక్షరం రాయకపోతే మిగిలిన నాలుగంకెలు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. అదే సంఖ్య ఫ్రేమ్ మీద, బ్యారెల్ మీద కూడా ఉంటే పిస్టల్ పుట్టినప్పటి భాగాలతోనే ఉన్నట్టు. మా పిస్టల్‌లో మూడుచోట్లా ఒకటే ఉంది. మేగజీన్ మీద మాత్రం డేగ బొమ్మ కింద 359 ఉంది. అది వాల్టర్ కర్మాగారపు తనిఖీ ముద్ర. స్లైడ్ మీద మౌజర్ తనిఖీదారు ముద్ర 135. కాబట్టి ఆ మేగజీన్ వేరే పిస్టల్‌ది, ఎక్కడో రణరంగంలో చేతులు మారి ఇందులోకి వచ్చింది.

కుడి పక్కకు తిప్పినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. అక్కడి గుర్తులన్నీ ఎర్రగా ఉన్నాయి. మా మామ్మ ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు కొడవలి, పార, నాగలి కర్రులతో పాటు ఈ పిస్టల్‌కు కూడా పసుపు రాసి కుంకుమ పెట్టేది. ముప్పై నలభై దసరాల కుంకుమ ఆ గాడుల్లో గట్టిపడి, రాతి మీది శాసనంలో సుద్ద నింపినట్టు ప్రతి గీతనూ పైకి తేల్చింది. చదవడానికి నాకు అదే ఉపకరించింది. ఆ గుర్తుల్లో ఒకటి రెక్కలు చాచిన డేగ, దాని కాళ్ల కింద స్వస్తిక. మామ్మ ఆ పక్షిని గరుత్మంతుడనుకుంది, స్వస్తికం ఉంది కనుక శుభమనుకుంది, బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టేది. ఆ ముద్ర కింద లక్షలాది మందిని శిబిరాల్లో పెట్టి చంపారనీ, ఓబెర్న్‌డోర్ఫ్ కర్మాగారంలోనే దేశదేశాల నుంచి పట్టుకొచ్చిన వేలాది మంది చేత బలవంతపు చాకిరీ చేయించారనీ ఆమెకు చెప్పేవారెవరు? ఆమె పూజను తప్పుపట్టను. కానీ ఆ ముద్ర ఏమిటో మా పిల్లలకు తెలియాలి. అందుకే రుద్దుడు కాగితం మీద దాని పక్కనే అర్థం రాసిపెట్టాను.

ఇక 44 సంగతి. లెక్కల మేష్టారును కనుక ఈ నిరూపణకు నాకు రెండు వాక్యాలు చాలు. 1944లో తయారైన పిస్టల్ 1942 నాటి అలమీన్‌లో ఎవరి నడుముకూ ఉండదు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్, ఇటాలియన్ సేనలు ట్యునీషియాలో లొంగిపోయిందే 1943 మే నెలలో. మూడు తరాల కథ ఒక్క అంకె దగ్గర కూలిపోయింది. ఆ సాయంత్రం స్టేషన్ నుంచి బస్సులో ఇంటికి వస్తుంటే నిజంగా దిగులు వేసింది. తాత అబద్ధం చెప్పారా అన్న ప్రశ్న మనసులో మెదిలింది.

ఇంటికి వచ్చి ఆయన డిశ్చార్జి పుస్తకం తీశాను. అందులో విదేశీ సేవ అన్నచోట రెండు పద్దులున్నాయి. మొదటిది ఎం.ఇ.ఎఫ్., అంటే మిడిల్ ఈస్ట్ ఫోర్స్. రెండోది సి.ఎం.ఎఫ్. ఆ రెండో దానిని మేమెవ్వరం ఎన్నడూ పట్టించుకోలేదు. అది సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్స్, అంటే ఇటలీ. పతకాల డబ్బాలో ఇసుక రంగు రిబ్బనుతో ఆఫ్రికా స్టార్ ఉంది. దానితో పాటు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారల రిబ్బనుతో ఇటలీ స్టార్ కూడా ఉంది. ఆ రంగులు ఇటలీ జెండావని చిన్నప్పుడు మాకు తెలియదు.

అప్పుడు మామ్మ మాటలు గుర్తుకొచ్చాయి. చిన్నాన్నలు ఎడారి కథ చెబుతుంటే పొయ్యి దగ్గర నుంచే ఆవిడ, "ఇసకా కాదు గిసకా కాదు, కొండరా. వాన, బురద. కంచర గాడిదల మీద సామాన్లు మోయించేవారట. దేశం దేశమంతా ఒక్క కొండ మీదే ఉందట, ఆ కొండ కింద గెడ్డ దగ్గర మందుపాతరలు తీస్తుంటే, కూలిపోయిన ఇంట్లో దొరికిందట" అనేది. దేశమంతా ఒక్క కొండ మీద ఉండడమేమిటని మేము నవ్వేవాళ్లం. నవ్వినవాళ్లలో నేను కూడా ఉన్నాను.

ఆ దేశం పేరు శాన్ మారినో. ఇటలీ మధ్యలో, టిటానో కొండ చుట్టూ, 61 చదరపు కిలోమీటర్లలో ఉన్న స్వతంత్ర రిపబ్లిక్ అది. 1944 సెప్టెంబరులో, జర్మన్లు గోథిక్ లైన్ పేరిట ఇటలీ అడ్డంగా కట్టుకున్న రక్షణ రేఖను ఛేదిస్తున్న సమయంలో, నాలుగో భారత డివిజన్ ఆ కొండ కింద పోరాడి శాన్ మారినోలో ప్రవేశించింది. అంతకు ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే డివిజన్ మోంటె కాసినో దగ్గర ఉంది. అక్కడి కొండవాలులో ట్యాంకులు ఎక్కేందుకు బాటను వెడల్పు చేసినవారిలో మన శాపర్లూ ఉన్నారు. అదే ఫిబ్రవరి 24న మద్రాస్ శాపర్స్‌కే చెందిన సుబేదార్ సుబ్రహ్మణ్యన్, తొక్కబడిన మందుపాతర పేలకముందే దాని మీద తానే పడి, తోటివారిని కాపాడి ప్రాణం విడిచారు. మరణానంతరం ఆయనకు సాహస పతకమైన జార్జ్ క్రాస్ ఇచ్చారు. మా తాత ఆ దళంలో మనిషి. ఎడారిలో దొరను పట్టుకున్న కథ కంటే, వానలో బురదలో మోకాళ్ల మీద కూర్చుని నేలను వేళ్లతో తడుముతున్న మనిషి నాకిప్పుడు ఎంతో ఎత్తుగా కనిపిస్తున్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టు భార్యకు చెప్పుకున్నారు, ఆవిడ ఉన్నదున్నట్టు మాకు చెప్పింది. కొడుకులూ మనుమలూ తమకు నచ్చిన కథను నమ్మారు.

పిస్టల్ ఆ కొండ కింద ఏ జర్మన్ సైనికుడిదో తేల్చే దారి దాదాపు మూసుకుపోయింది. 1945 ఏప్రిల్‌లో ఫ్రెంచి సేనలు ఓబెర్న్‌డోర్ఫ్‌ను ఆక్రమించాక మౌజర్ రికార్డుల్లో అధిక భాగాన్ని నాశనం చేశారు. అయితే జర్మన్ సైనికుడు జేబులో పెట్టుకునే జీతపు పుస్తకంలో, అతనికి ఇచ్చిన ఆయుధం నంబరు రాసే పేజీ ఒకటి ఉండేది. జర్మనీలో ఏ ఇంటి అటక మీదనో ఉన్న ఒక పుస్తకంలో ఈ నాలుగంకెలూ, ఈ చిన్నక్షరమూ ఉండవచ్చు. మన రిజిస్టరులో 'నం. 44' అని ఉన్నంతకాలం ఆ రెండూ ఎన్నటికీ కలవవు. బెంగళూరులో, తాత దళానికి ఇప్పటి పేరైన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు కార్యాలయానికి తాత సర్వీసు నంబరుతో ఇప్పటికే ఉత్తరం రాశాను. ఇటలీలోని దళాల యుద్ధ దినచర్యలు లండన్ శివారు క్యూలో ఉన్న బ్రిటిష్ జాతీయ పత్రాగారంలో ఉన్నాయి.

ఇప్పుడు అడగవలసినవి అడుగుతాను. చట్టం ఏమంటుందో తెలుసుకునే అడుగుతున్నాను. లైసెన్సు చెల్లకుండా పోయిన ఆయుధాన్ని ఆలస్యం లేకుండా దగ్గరలోని స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. గడువులోగా వారసులు చట్టబద్ధంగా తిరిగి తీసుకోకపోయినా, అమ్ముకోకపోయినా, జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో అది ప్రభుత్వానిదవుతుంది. వారసులు తమ పేర లైసెన్సు కోరడానికి 2016 నాటి నియమాల్లో వీలుంది గానీ, నిషిద్ధ బోరు అయితే కేంద్ర హోం శాఖ వరకూ వెళ్లాలి. 2019 సవరణ తర్వాత, వారసత్వంగా వచ్చినవాటితో కలిపినా ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. కాబట్టి ఇలాంటి పిస్టళ్లు రానున్న కాలంలో ఇళ్ల నుంచి స్టేషన్లకు చేరడం ఖాయం. లైసెన్సే లేకుండా ఎవరి అటక మీదైనా ఉంటే అది చాలా పెద్ద నేరం. అలాంటివారు దాచిపెట్టకుండా, అమ్మకానికి పెట్టకుండా, న్యాయవాదిని వెంటబెట్టుకుని అధికారుల దగ్గరకు వెళ్లాలని కూడా ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను.

అప్పగించే నాడే ఆయుధానికి రెండు పక్కలా ఫోటో తీసి, దాని మీది ప్రతి అక్షరాన్నీ, అంకెనూ, ముద్రనూ ఉన్నవి ఉన్నట్టుగా రిజిస్టరులో ఎక్కించి, ఒక నకలు వారసుడి చేతికి ఇవ్వాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులను కోరుతున్నాను. దానికి కావలసింది ఒక భూతద్దం, ఒక సెల్‌ఫోన్, అరగంట సమయం. ప్రభుత్వపరమైన తర్వాత, ధ్వంసం చేయమని ఉత్తర్వు ఇచ్చేముందు, యుద్ధకాలపు ఆయుధమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికీ పురావస్తు శాఖకూ ఒక మాట తెలియజేయాలి. ఎప్పటికీ పేలకుండా చేసి ప్రదర్శనకు పెట్టడానికి వీలుంటే పెట్టాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబును విశాఖ మ్యూజియంలో జాగ్రత్త చేశారు. సరిగ్గా ఏడాది తర్వాత, 1943 ఏప్రిల్ 6న, ట్యునీషియాలో వాడి అకారిత్ దగ్గర మన డివిజన్ పోరాడింది. మన మీద పడినదాన్ని దాచుకున్నాం, మనవాళ్లు వెళ్లి చేసినదానికి గుర్తు కూడా ఒకటి ఉండాలి కదా. ప్రదర్శనకు తగిన చోటు లేదంటారా, విజయనగరం పక్కనే కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది. ఆ పిల్లలకంటే శ్రద్ధగా చూసేవారెవరుంటారు?

ఇంకొక్క సంగతి. 1950కి ముందు మన ప్రాంతంవారికిచ్చిన లైసెన్సులు విశాఖ జిల్లా పాత దస్త్రాల్లోనూ, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకు అక్కడి ప్రాంతాల కాగితాలు పాత జిల్లాల్లోనూ ఉంటాయి. అవి చెదలపాలు కాకముందే స్కాన్ చేయిస్తే, ఏ పల్లె నుంచి ఎవరు ఏ యుద్ధానికి వెళ్లివచ్చారో వాటిలోనే దొరుకుతుంది.

నా అర్జీ మీద ఆ స్టేషన్ అధికారి పాత పద్దును కొట్టివేయకుండా, దాని కిందనే ఎర్ర సిరాతో సవరణ రాయించారు: 'పి.38 పిస్టల్, మౌజర్, 1944', ఆపై పూర్తి నంబరు, చివర ఆ చిన్నక్షరం. రుద్దుడు కాగితం ఒక నకలు కలెక్టరు గారికి పంపాను. గాడుల్లోని కుంకుమను తుడవవద్దని సాయుధ విభాగం ఉద్యోగిని అడిగాను. ఆయన తుడవకుండానే, కొత్త చీటీ కట్టి, అలమారలో పెట్టి తాళం వేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా.